నాలుగు వాయిదాలైనా సమన్లు పోలేదు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: ప్రకాశం జిల్లాలో ఒక కోర్టులో ప్రోనోటు దావా. ప్రతివాదులు ఇద్దరూ ఊళ్లోనే ఉన్నారు. బడ్జెట్ లేక ఖాళీలు నింపలేదు, సమన్లు తీసుకెళ్లే మనిషి లేడంటన్నారు. అమీన్ కోసం ఎన్నాళ్లు చూడాలన్నా?

జవాబు: సమన్లు ఇచ్చేది ప్రాసెస్ సర్వరు. అమీన్ పని జప్తులు. ముందు ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ కేసు గుర్తింపు నంబరు, అదే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొట్టండి. వాయిదా తేదీ మీద నొక్కితే ఆ రోజు ఏం రాశారో కనబడుతుంది. ‘బత్తా (సమన్లు పంపడానికి కోర్టులో కట్టే ఫీజు) కట్టలేదు’ అనుంటే మనుషుల కొరత మీద తొయ్యడానికి లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 9 రూల్ 2 కింద కోర్టు దావా కొట్టేయొచ్చు. మళ్లీ తెరిపించడానికి గడువు 30 రోజులే. ప్రతివాదికొక దావా నకలు చొప్పున ఇచ్చారా? ఒకటి తగ్గినా కాగితం కోర్టు ఆఫీసు సెక్షన్‌లోనే ఆగిపోద్ది.

ఇంకొకరు: బత్తా కట్టుంటే దస్తీకి (సమను మీరే తీసుకెళ్లి ఇవ్వడానికి) పిటిషన్ వెయ్యమని మీ లాయరుకు చెప్పండి, ఆర్డర్ 5 రూల్ 9-ఏ. జడ్జి సంతకం, కోర్టు ముద్ర ఉన్న సమను మీ చేతికే ఇస్తారు. ప్రతివాది చేతికే ఇవ్వాలి, ఇంట్లోవాళ్లకిచ్చి రావద్దు. రెండో ప్రతి మీద తేదీతో సంతకం తీసుకుని అఫిడవిట్ వెయ్యాలి. తీసుకోనంటే గొడవపడకుండా వచ్చెయ్యండి. మీరు అడిగితే కోర్టే మళ్లీ పంపుద్ది.

పోస్టు కూడా అడగండి. అడ్రసు సరిగా రాసి, అక్నాలెడ్జిమెంటుతో రిజిస్టరు పోస్టు చేసుంటే, ఆ కార్డు 30 రోజుల్లో తిరిగి రాకపోయినా అందినట్టే ప్రకటించొచ్చు, రూల్ 9(5). ‘తీసుకోనన్నాడు’ అని రాసి తిరిగొచ్చినా అంతే. డోరు నంబరు లేని అడ్రసుతోనే ఇది చెడేది.

కొరత మాట అబద్ధమేం కాదు. కేంద్రం 60, రాష్ట్రం 40 వాటా లెక్కన కేంద్రం ఇచ్చేది కోర్టు భవనాల్లాంటి వాటికి, సిబ్బంది జీతాలు రాష్ట్రం పెట్టుకోవాల్సిందే.

ప్రశ్న: ఒకాయన హైదరాబాదు పనికి పోతన్నాడంట. పేపర్లో వేయిస్తే సరిపోదా?

జవాబు: తొందరపడొద్దు. తప్పించుకుంటున్నాడని, లేదా మామూలు పద్ధతిలో ఇవ్వడం కుదరదని జడ్జికి నమ్మకం కలిగాకే ఆర్డర్ 5 రూల్ 20 కింద పేపర్లో వేయించేది. అక్కడి అడ్రసు దొరికితే మెమో వేసి అక్కడి కోర్టు ద్వారా పంపించండి. అడ్రసు తెలిసీ పేపర్లో వేయించి ఎక్స్‌పార్టీ డిక్రీ (ఆయన కోర్టుకు రాకుండానే ఇచ్చే తీర్పు) తెచ్చుకుంటే, సమను అందలేదని ఆర్డర్ 9 రూల్ 13 కింద తీయించేస్తాడు. 30 రోజుల లెక్క ఆయనకు తెలిసిన రోజు నుంచి.

ప్రశ్న: యాప్‌లో చూశానన్నా. రెండో ప్రతివాదికి బత్తా కట్టలేదని ఉంది.

జవాబు: వాయిదా దాకా ఆగొద్దు. రేపే కట్టించి, రశీదు ఫొటో మీ దగ్గర పెట్టుకోండి.