రాజమండ్రి మహనీయుల ఇళ్లకు సైకిళ్ల మీద: పదకొండు మంది పిల్లలతో ఎటు నుంచి మొదలుపెట్టాలి?

కడియం తెలుగు టీచరు

అందరికీ నమస్కారం. కడియం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. పోయిన నెల తొమ్మిదో తరగతిలో కందుకూరి వీరేశలింగం గారి గురించి చెబుతూ, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన జరిపించిన మొదటి వితంతు వివాహం దగ్గరికి వచ్చాను. వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు, చివరికి ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు తెచ్చి వచ్చినవాళ్లకు వండిపెట్టారని చెప్పాను. రెండో బల్ల మీద కూర్చునే పిల్ల లేచి అడిగింది: "టీచర్, వాళ్ల ఇంటికీ గోదావరికీ ఎంత దూరం?"

పదహారేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. ఆ ప్రశ్న నాకు ఎన్నడూ తట్టలేదు. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

అందుకే డిసెంబరు 11కు దగ్గర్లో వచ్చే ఆదివారం పదకొండు మంది ఆడపిల్లలను రాజమండ్రి తీసుకువెళ్దామనుకున్నాను. అందరికీ సైకిళ్లున్నాయి, రోజూ నాలుగైదు కిలోమీటర్లు తొక్కి బడికి వచ్చే పిల్లలే. తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. తోడుగా మా వ్యాయామ ఉపాధ్యాయురాలు కూడా వస్తానన్నారు.

నా జాబితాలో వీరేశలింగం గారు, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు, టంగుటూరి ప్రకాశం గారు, శ్రీపాద వారు ఇద్దరూ, భమిడిపాటి కామేశ్వరరావు గారు, దామెర్ల రామారావు గారు, కాటన్ దొర, ఆఖరికి నన్నయ గారు కూడా ఉన్నారు. ముందుగా నేను ఒక్కదాన్నే సైకిలు మీద వెళ్లి చూసి వచ్చాను. ఒకచోట తాళం వేసి ఉంది. ఇంకోచోట ఫలానా వారి ఇల్లు ఎక్కడని అడిగితే ఆ వీధిలోని వాళ్లకే తెలియదు. మూడో చోట ఇల్లు ఉండాల్సిన స్థలంలో నాలుగంతస్తుల భవనం ఉంది. మధ్యాహ్నానికి నాకు మిగిలింది ఆయాసం, ఫోనులో కొన్ని గోడల ఫొటోలు.

ఎటు నుంచి మొదలుపెట్టాలి, ఎవరిని వదలాలి, ఇల్లే లేని చోట పిల్లలకు ఏమి చూపించాలి? ఊరు తెలిసినవాళ్లు చెప్పండి.

ప్రూఫుల సైకిలు

అమ్మా, మీ ప్రశ్న చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. నేను పుట్టింది, పెరిగింది రాజమండ్రిలోనే. ఇప్పుడు డెబ్బై దాటాయి. పదహారో ఏట ఒక ప్రెస్సులో చేరాను. మొదటి ఏడేళ్లు నా పని ప్రూఫులు మోయడం. కంపోజిటర్లు సీసపు అక్షరాలు కూర్చి గ్యాలీ ప్రూఫు తీస్తే, దాన్ని చుట్టి, వానాకాలమైతే చొక్కా లోపల పెట్టుకుని, రాసినవారి ఇంటికి సైకిలు మీద తీసుకువెళ్లాలి. వారు దిద్దేదాకా అరుగు మీద కూర్చుని, మళ్లీ తెచ్చివ్వాలి. ఇన్నీసుపేట, ఆర్యాపురం, సీతంపేట, దానవాయిపేట ఇలా తిరిగినవే. ఏ ఇంటికి ఎన్ని మెట్లో, ఏ ఇంట్లో మజ్జిగ ఇస్తారో ఇప్పటికీ చెప్పగలను.

ఆ ఏడేళ్లలో నాకు అర్థమైంది ఒక్కటే. ఈ ఊళ్లో రాసేవాళ్లు, చదివేవాళ్లు, అచ్చువేసేవాళ్లు, పోట్లాడుకునేవాళ్లు అందరూ ఒకరికొకరు పావుగంట సైకిలు దూరంలో ఉండేవారు. ఉదయం ఒకరు రాసిన దానికి సాయంత్రానికల్లా ఇంకొకరి అరుగు మీద జవాబు తయారయ్యేది. నా కాలంలోనే అలా ఉంటే, వాహనాలు కూడా తక్కువున్న వీరేశలింగం గారి కాలంలో ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. మీరు గోడల కోసం వెతికారు కాబట్టి దిగులు కలిగింది. గోడ కూలిపోయినా దూరం అలాగే ఉంటుంది. ఇల్లు లేని చోట ఆ దూరాన్నే చూపించండి.

అందువల్ల ముందు ఇంటికి వెళ్లవద్దు, ముందు గోదావరికి వెళ్లండి. ఏడు గంటలకల్లా రేవులో ఉంటే ఎండ తగలదు, స్నానాలకు వచ్చేవాళ్ల హడావుడి కూడా పెద్దగా ఉండదు. ఒక స్టీలు బిందె తీసుకురండి. మెట్ల మీద తడి ఉంటుంది, పిల్లలను నీళ్లలోకి దించకండి, మీరే ముంచి పైకి అందించండి. నిండా ముంచాలి, సగం వద్దు. అక్కడి నుంచి వంకాయలవారి వీధిలోని వీరేశలింగం గారి ఇంటి దాకా సైకిళ్లు నడిపించుకుంటూ, బిందెను ఒకరి తరవాత ఒకరు చంకన ఎత్తుకోవాలి. అడుగులు లెక్కపెట్టమనండి. మీ రెండో బల్ల పిల్లకు జవాబు ఆ బిందె చెబుతుంది. పెళ్లంటే ఒక్క బిందెతో తీరేది కాదని, తాగడానికి, వండడానికి, కాళ్లు కడుక్కోవడానికి కూడా నీళ్లు కావాలని వాళ్లకే తడుతుంది.

ఆ ఇల్లు ఇప్పుడు స్మారకంగా ఉంది. తెరిచే వేళలు ముందు రోజే ఫోను చేసి కనుక్కోండి, ఆదివారం మీద నమ్మకం పెట్టుకోకండి. తలుపు మూసి ఉన్నా నష్టం లేదు, వీధిలో నిలబడే చెప్పవచ్చు. పెళ్లినాడు వీధుల్లో పోలీసులు కాపలా ఉన్నారని, కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్య గారు డబ్బుతో ఆదుకున్నారని, కళాశాల విద్యార్థులు ఆయన పక్కన నిలబడ్డారని అక్కడే చెప్పండి. ఇరుకు వీధి కాబట్టి మాట బాగా వినిపిస్తుంది.

తరవాత టౌన్‌హాలు. 1890లో ఆయన కట్టించినది. ఊరివాళ్లు కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక చోటు ఉండాలని పట్టుబట్టిన మనిషి గురించి అక్కడ రెండు మాటలు చెబితే చాలు.

అక్కడి నుంచి పాల్‌చౌక్. ఇక్కడ తొందరపడకండి. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఇంగ్లీషులో ఉపన్యాసాలు ఇచ్చారు. జనానికి తెలుగులో చెప్పింది చిలకమర్తి వారు. ఆయనకు చిన్నప్పటి నుంచీ చూపు సరిగా లేదు, రేచీకటి. ఆ మనిషి కాగితం చూసి చదవలేదు, విని, మనసులో పెట్టుకుని, తెలుగు చేసి చెప్పారు. దేశం పాడియావు, దూడలు ఏడుస్తుంటే పరాయివాళ్లు పాలు పితుక్కుంటున్నారన్న పద్యం ఆ రోజుల్లోనే జనం నోళ్లలోకి వెళ్లింది. మీ పిల్లల్లో ఒకరికి కళ్లకు గుడ్డ కట్టి, ఇంకొకరు నాలుగు వాక్యాలు చదివితే, విన్నవాటిని తన మాటల్లో చెప్పమనండి. ఆయన చేసిన పని ఎంత పెద్దదో తెలిసిపోతుంది. ఆ ఉపన్యాసాల తరవాతే ట్రైనింగ్ కళాశాల కుర్రాళ్లు వందేమాతరం బిళ్లలు పెట్టుకుని తరగతులకు వెళ్లారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని కళాశాల నుంచి వెళ్లగొట్టారు. ఉపన్యాసానికి, బహిష్కరణకు మధ్య ఎంత దూరమో అదే రోజు సైకిలు మీద తొక్కి చూడవచ్చు.

ప్రకాశం గారి గురించి దారిలో చెప్పండి, ప్రత్యేకంగా ఆగనక్కరలేదు. తన మేష్టారి వెంట ఒంగోలు నుంచి వచ్చిన బీద కుర్రాడు ఇదే ఊరి మునిసిపల్ ఛైర్మన్ అయ్యాడంటే పిల్లలు గుర్తుపెట్టుకుంటారు.

శ్రీపాద వారు ఇద్దరినీ గౌతమీ గ్రంథాలయంలో పరిచయం చేయండి. కృష్ణమూర్తి శాస్త్రి గారు రామాయణ, భారత, భాగవతాలు మూడింటినీ ఒక్కరే తెలుగు చేశారు. సుబ్రహ్మణ్య శాస్త్రి గారు కథల్లో మన ఇళ్లలోని ఆడవాళ్ల మాటను పట్టి ఇచ్చారు. పేర్లు కలిసిపోతాయి కాబట్టి రెండు పుస్తకాలు రెండు చేతుల్లో పెట్టి చెబితే తికమక ఉండదు. ఆ గ్రంథాలయానికి మూలం 1898లో నాళం కృష్ణారావు గారు పెట్టిన పుస్తకశాల. అప్పటికి ఆయన కూడా కుర్రాడే, పదిహేడేళ్లవాడు. ఈ మాట పిల్లలకు తప్పకుండా చెప్పండి.

నన్నయ గారిని ఆ రోజుకు వదిలేయండి. పదకొండో శతాబ్దపు మనిషి గుమ్మం మనకు దొరకదు. ఆయన పద్యం మీ తరగతిలోనే ఉంది.

కోటిపల్లి బస్టాండు వైపు ఆదివారం కూడా రద్దీ ఉంటుంది. ఒకరి వెనక ఒకరు, ముందు మీరు, చివర మీ తోటి టీచరు. గాలిపంపు, రెండు ట్యూబులు, ఒక స్పానరు దగ్గర ఉంచుకోండి. బయలుదేరే ముందు రోజు అందరి బ్రేకులూ మీరే నొక్కి చూడండి.

కాలువ లాకుల పక్కన

మాది ధవళేశ్వరం. మా నాన్నగారు నీటిపారుదల శాఖలో పనిచేశారు, లాకుల పక్క క్వార్టర్సులో పెరిగాను.

కడియం నుంచి వస్తున్నారు కాబట్టి ధవళేశ్వరం మీకు దారిలోనే తగులుతుంది. పొద్దున్న ఆగవద్దు, తిరుగు ప్రయాణంలో ఆగండి. సాయంత్రం నీటి మీద వెలుతురు బాగుంటుంది, పిల్లలు అలసిపోయి కాస్త కుదురుగా కూర్చుంటారు.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఇప్పుడు కనిపించే బ్యారేజీని చూపించి కాటన్ కట్టినదంటారు. ఆయన కట్టింది పాత ఆనకట్ట, 1847లో మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మధ్యలో లంకలు. ఇప్పటి బ్యారేజీ 1970లలో మొదలై 1980ల తొలినాళ్లలో పూర్తయింది, పేరు మాత్రం ఆయనదే. అక్కడి కాటన్ మ్యూజియంలో పాత పనిముట్లు, నమూనాలు ఉన్నాయి. నమూనా ముందు నిలబెట్టి చెబితే నాలుగు భాగాలూ అర్థమవుతాయి.

ఇంకో మాట. వీణం వీరన్న గారి పేరు చెప్పకుండా పిల్లలను కదలనివ్వకండి. కూలీలను సమకూర్చి, రాయి, సున్నం పనులు దగ్గరుండి నడిపించిన మనిషి ఆయన. దొర విగ్రహాలు డెల్టాలో ఊరూరా ఉన్నాయి, దండలూ పడుతున్నాయి. వీరన్న గారి పేరు మా ధవళేశ్వరంలో కూడా అడిగితేనే చెబుతారు. నాకు అది చిన్నప్పటి నుంచీ బాధ.

రంగుల పెట్టె

డ్రాయింగు టీచరును. దామెర్ల రామారావు గారి చిత్రశాలకు నా విద్యార్థులను నాలుగు సార్లు తీసుకువెళ్లాను, అందుకే చెబుతున్నాను. అన్ని బొమ్మలూ చూపించకండి. ఒక్క బొమ్మ ముందు అరగంట కూర్చోబెట్టండి. నేను "నందిపూజ" ఎంచుకుంటాను. చీర మడత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వేలితో గాలిలో గీయమంటాను. అలా చూసిన పిల్లలు తరవాత మిగతావి వాళ్లే వెతుక్కుంటారు.

ఆయన 1897లో పుట్టి, 1925లో మశూచితో పోయారు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆ కుర్రాడిలోని చెయ్యిని గుర్తించి, ప్రోత్సహించి, బొంబాయి జేజే కళాశాల దారి పట్టించింది రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర. అడివి బాపిరాజు గారూ ఆయన శిష్యులే. మీవి ఆడపిల్లలు కాబట్టి ఇంకోటి తప్పక చెప్పండి: రామారావు గారి భార్య సత్యవాణి గారు, సోదరి బుచ్చికృష్ణమ్మ గారు కూడా చిత్రకారిణులే.

పై పెద్దాయన గారితో ఒక్క చోట నాకు అంగీకారం లేదు. గ్రంథాలయం, చిత్రశాల రెండూ ఒకే రోజు వద్దు. రెండూ కళ్లు అలసిపోయే పనులే. ఏదో ఒకటి ఇంకో ఆదివారానికి ఉంచండి.

కడియం తెలుగు టీచరు

వెళ్లి వచ్చాం. ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి, పరీక్షల పేపర్లు దిద్దుతున్నాను.

బాబాయి గారూ, బిందె మోశాం. మొదటి పిల్ల నవ్వుతూ ఎత్తుకుంది. నాలుగో పిల్లకు వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి. అడుగుల లెక్క పదకొండు మందికి పదకొండు రకాలుగా వచ్చింది, ఎందుకంటే నీళ్లు తొణికినప్పుడల్లా ఆగి, లెక్క మరిచిపోయారు. వీధిలోకి చేరేసరికి బిందెలో మూడో వంతు తరిగిపోయింది, అందరి పావడాలూ ఒక పక్క తడిసిపోయాయి. ఒక పెద్దావిడ అరుగు మీద నుంచి చూసి, ఎందుకమ్మా ఈ నీళ్లు అని అడిగారు. పిల్లలే చెప్పారు. ఆవిడ లోపలికి వెళ్లి అందరికీ బెల్లం ముక్క ఇచ్చారు.

పాల్‌చౌక్‌లో కళ్లకు గుడ్డ కట్టుకున్న పిల్ల మూడు వాక్యాలు చెప్పగలిగింది. నాలుగోది మరిచిపోయి ఏడుపు ముఖం పెట్టింది. చిత్రశాల ఈసారికి వదిలేశాం, సంక్రాంతి తరవాత దానికోసమే వస్తాం. రెండు పంక్చర్లు పడ్డాయి, రెండూ మా వ్యాయామ టీచరు గారే వేశారు. ధవళేశ్వరం చేరేసరికి పొద్దు వాలుతోంది. వీరన్న గారి పేరు పదకొండు మందీ నోటుపుస్తకాల్లో రాసుకున్నారు.

మళ్లీ అదే పిల్ల, రెండో బల్ల పిల్ల, బ్యారేజీ మీద సైకిలు ఆపి ఇంకో ప్రశ్న వేసింది. పెళ్లికొడుకు గోగులపాటి శ్రీరాములు గారు, పెళ్లికూతురు గౌరమ్మ గారు అని వాళ్లకు చెప్పి ఉన్నాను. గౌరమ్మ అప్పటికి వీళ్లకంటే చిన్నది. "టీచర్, అందరి ఇళ్లూ తిరిగాం కదా. గౌరమ్మ గారు ఆ తరవాత ఏ ఇంట్లో ఉన్నారు?"

ఆమె తరవాతి జీవితం గురించి ఎక్కడ చదవవచ్చో తెలిసినవారు చెప్పండి. సంక్రాంతికి ముందే కావాలి, ఆ పిల్ల రోజూ అడుగుతోంది.