ఇంగ్లండులో పోలీసులు విచారణకు పిలిస్తే సొలిసిటర్ (న్యాయవాది) అవసరమా?

ప్రశ్న: ఇంగ్లండులో చదువుకుంటున్న మా తమ్ముణ్ణి, అతడు అద్దెకుంటున్న ఇంట్లో జరిగిన గొడవ గురించి మాట్లాడడానికి స్టేషనుకు రమ్మన్నారు. అరెస్టు కాదని, స్వచ్ఛందంగా హాజరయ్యే విచారణేనని చెప్పారట. తప్పు చేయనివాడు సొలిసిటర్‌ను వెంటబెట్టుకు వెళితే అనుమానం పెరుగుతుందేమోనని, ఖర్చు ఎంతవుతుందోనని అతడు సంకోచిస్తున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు 1: సొలిసిటర్ లేకుండా మాట్లాడవద్దని చెప్పండి. అరెస్టయి స్టేషనులో ఉన్నవారికి సొలిసిటర్‌ను ఏకాంతంగా సంప్రదించే హక్కును 1984 నాటి పోలీసు, నేర సాక్ష్యాల చట్టంలోని 58వ సెక్షన్ ఇస్తుంది. స్వచ్ఛంద విచారణకు వచ్చినవారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సలహా దొరుకుతుంది. తెలిసినవారెవరూ లేకపోతే డ్యూటీ సొలిసిటర్‌ను, అంటే స్టేషనుకు పిలిస్తే వచ్చేందుకు వంతులవారీగా అందుబాటులో ఉండే సొలిసిటర్‌ను, అడగవచ్చు. అనుమానం సంగతంటారా, పోలీసులకు ఇది రోజూ చూసే వ్యవహారమే.

జవాబు 2: ‘స్వచ్ఛందం’ అన్న మాట చూసి తేలికగా తీసుకోకూడదు. అరెస్టు చేయనంతవరకు లేచి వెళ్ళిపోవచ్చు, నిజమే. కానీ అక్కడ చెప్పినదంతా రికార్డవుతుంది, కోర్టులో సాక్ష్యంగా రావచ్చు. మౌనంగా ఉండే హక్కు ఉన్నప్పటికీ, విచారణనాడు చెప్పకుండా తర్వాత కోర్టులో తన వాదనకు ఆధారంగా చూపిన విషయం ఉంటే, ఆ మౌనాన్ని కోర్టు అతడికి ప్రతికూలంగా భావించే వీలును 1994 నాటి నేర న్యాయ, ప్రజాశాంతి చట్టం కల్పించింది. అందువల్ల ఏది చెప్పాలో, ఎక్కడ ఆగాలో ముందుగానే సొలిసిటర్‌తో నిర్ణయించుకోవాలి.

జవాబు 3: భాష ఇబ్బందైతే దుబాసీని కూడా ఉచితంగా ఏర్పాటు చేస్తారు. ఇంగ్లీషు బాగానే వచ్చు కదా అని మొహమాటపడవద్దు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. విచారణ తేదీకి ముందే సొలిసిటర్‌తో మాట్లాడమని ఈ రోజే చెబుతాను.