1969 షెవీ సీ-10కి 1978 బండి పవర్ స్టీరింగ్, ముందు డిస్కులు: ఏవి కలుస్తాయి, ఏవి కలవవు?

పాతషెవీ_డాలస్:
బండి 1969 సీ-10 పికప్, టూ వీల్ డ్రైవ్, 350 (క్యూబిక్ అంగుళాల) ఇంజన్. మాన్యువల్ స్టీరింగ్, నాలుగు చక్రాలకీ డ్రమ్ములు, బూస్టర్ (ఇంజన్ వాక్యూమ్‌తో పెడల్‌కి బలం కలిపేది) లేదు. వెనక కాయిల్ స్ప్రింగులు. పార్టుల కోసం 1978 సీ-10 ఒకటి దొరికింది, ముందు భాగమంతా చెక్కుచెదరకుండా ఉంది. అందులోంచి స్పిండిళ్ళు (చక్రం తిరిగే మొండి ఇరుసులు), రోటర్లు (బ్రేకు డిస్కులు), కాలిపర్లు (డిస్కుని ప్యాడ్లతో నొక్కేవి) మాత్రం తీసి నా పాత సస్పెన్షన్ ఆర్మ్‌లకి బిగిస్తే సరిపోతుందా? స్టీరింగ్ బాక్స్, పంపు అలాగే ఎక్కుతాయా? తెలిసినవాళ్ళు చెప్పండి.

స్పిండిల్_శాస్త్రి:
స్పిండిళ్ళు మాత్రం తీయొద్దండీ. ఎక్కువమంది బోల్తా పడేది అక్కడే. 1973-87 బండ్ల స్పిండిల్ కింది బాల్ జాయింట్ (ఆర్మ్‌ని స్పిండిల్‌కి కలిపే గుండు కీలు) మీ 69 ఆర్మ్‌లో ఉన్నదానికంటే లావు, టేపర్ (కొస సన్నబడే వాలు) వేరు. నట్టు ఎక్కుతుంది, బిగిసినట్టే ఉంటుంది. కానీ పిన్ను రంధ్రం నట్టు గాడులకి అందనంత పైకో కిందికో పోతుంది. అలా కనబడిందంటే టేపర్ కలవలేదని అర్థం. వాషర్లు వేసి సర్దుకుంటే రోడ్డు మీద చక్రం వాలిపోతుంది. అనుమానముంటే టేపర్‌కి మార్కింగ్ బ్లూ రాసి కూర్చోబెట్టి తీయండి, రంగు చుట్టూ సమానంగా అంటాలి.

దారి ఒక్కటే: 78 క్రాస్‌మెంబర్‌ని (ముందు సస్పెన్షన్‌ని మోసే అడ్డ దూలం) ఆర్మ్‌లు, స్పిండిళ్ళు, టై రాడ్‌లతో సహా ఒకే ముద్దగా దించండి. 63-72 చాసిస్‌కి అది ఎక్కుతుంది. కొన్ని రంధ్రాలు కలుస్తాయి, కలవనివి క్రాస్‌మెంబర్‌ని సరిగ్గా కూర్చోబెట్టాక అక్కడికక్కడే గుర్తుపెట్టి డ్రిల్ చేయాలి. వేడి పెట్టి సాగదీయడాలు వద్దు. గ్రేడ్ 8 బోల్టులు, గట్టి వాషర్లు వాడండి. కాయిల్ స్ప్రింగు విప్పేముందు కింది ఆర్మ్ కింద జాకీ, స్ప్రింగుకి కంప్రెసర్ రెండూ ఉండాలి. ఒకటి చాలదు.

రోటర్ మందం కొలవండి. ఈ బండ్లలో 1 అంగుళానివీ 1-1/4 అంగుళానివీ రెండూ వచ్చాయి. స్పిండిల్, కాలిపర్ కూడా ఆ మందాన్ని బట్టే మారతాయి, కలపకూడదు. బేరింగు బిగింపు: రోటర్ తిప్పుతూ నట్టుని 12 ఫుట్-పౌండ్లకి బిగించి, మళ్ళీ వదులు చేసి, వేళ్ళతో బిగించి, పిన్ను దూరే దగ్గరి గాడి దాకా వెనక్కి తిప్పండి. బేరింగు ఆట (వదులు) 0.001 నుంచి 0.005 అంగుళం లోపు ఉండాలి.

బ్రేక్_బాబాయ్:
శాస్త్రిగారు చక్రం దగ్గర ఆగారు, నేను పెడల్ వైపు నుంచి వస్తాను. మీ డ్రమ్ మాస్టర్ సిలిండర్‌ని అలాగే ఉంచితే ముందు ప్యాడ్లు రోటర్‌ని వదలవు. డ్రమ్ములకోసం అందులో సుమారు 10 పీఎస్ఐ ఒత్తిడి నిలబెట్టే వాల్వు ఉంటుంది. డ్రమ్ములో స్ప్రింగులు షూలని వెనక్కి లాగుతాయి కాబట్టి ఇబ్బంది లేదు, డిస్కులో లాగేది ఏదీ లేదు. పది మైళ్ళు నడిపితే రోటరు కాలిపోతుంది. డిస్క్/డ్రమ్ మాస్టర్, 1-1/8 అంగుళాల బోరుది వేయండి. ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపర్లలోకి ఎక్కువ ద్రవం పోతుంది కనుక ముందు బ్రేకులకి వెళ్ళే గిన్నె పెద్దదే కావాలి. 78 బండి ఇత్తడి కాంబినేషన్ వాల్వు (ముందు, వెనక బ్రేకుల ఒత్తిడిని సర్దేది) కూడా తెచ్చుకోండి. అది లేకపోతే గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే పట్టేస్తాయి.

బూస్టర్, దాని బ్రాకెట్ మాత్రం 67-72 కొలతలవే కొనండి, ఫైర్‌వాల్‌కి తిన్నగా కూర్చుంటాయి. పెడల్‌కి రాడ్ తగిలించే రంధ్రం కూడా మారుతుంది. మాన్యువల్ రంధ్రంలోనే పెడితే పెడల్ నేల దాకా పోతుంది, లేదా మరీ సున్నితంగా పట్టేస్తుంది. ఇంజన్ వాక్యూమ్ ఐడిల్‌లో 18 అంగుళాలు ఉంటే నిశ్చింత. పెద్ద క్యామ్ వేసిన ఇంజన్ ఇంత ఇవ్వదు, అప్పుడు బూస్టర్ ఉన్నా పెడల్ రాయిలా ఉంటుంది.

గాలి తీసేముందు ఒక్కసారి కాలిపర్లు చూడండి. బ్లీడర్ (గాలి వదిలే స్క్రూ) పైకి ఉండాలి. ఎడమది కుడికి, కుడిది ఎడమకి బిగిస్తే బ్లీడర్ కిందికి వస్తుంది, రోజంతా పంపు చేసినా గాలి పోదు. హోసు బాంజో బోల్టుకి (హోసుని కాలిపర్‌కి పట్టే బోలు బోల్టు) రెండు వైపులా కొత్త రాగి వాషర్లు వేయండి. బోల్టు మర కూడా చూడాలి: పాత కాలిపర్లది 7/16-20, తర్వాతవి కొన్ని ఎం10. ఒకదాంట్లో ఒకటి బలవంతంగా తిప్పితే కాలిపర్ పోయినట్టే. వరస: కుడి వెనక, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు. ప్రెషర్ బ్లీడర్ వాడితే కాంబినేషన్ వాల్వు పిన్నుని పట్టి ఉంచాలి, పెడల్‌తో చేస్తే అక్కర్లేదు.

లాక్‌టులాక్:
స్టీరింగు సంగతి. 78 బాక్సు మీ ఫ్రేమ్‌కి ఎక్కుతుంది. కలవని రంధ్రం ఉంటే బాక్సునే అచ్చుగా పెట్టి గుర్తించండి. ముందు రెండు బండ్ల ఎడమ ఫ్రేమ్ రైలునీ బాక్సు బోల్టుల చుట్టూ వైర్ బ్రష్‌తో గీకి చూడండి. 73-87 వాటిలో, ముఖ్యంగా ఫోర్ వీల్ డ్రైవ్‌వాటిలో, అక్కడ పగుళ్ళు మామూలే.

పిట్‌మన్ ఆర్మ్‌ని (స్టీరింగు బాక్సు నుంచి రాడ్లని కదిపే చేయి) సుత్తితో కొట్టి ఊడదీయకండి, లోపలి బేరింగు, సీలు రెండూ దెబ్బతింటాయి. పుల్లర్ వాడండి. మాన్యువల్ ఆర్మ్ పవర్ బాక్సుకి పట్టదు, 78దే తీయాలి. షాఫ్ట్ కప్లింగ్ (రబ్బరు బిళ్ళ ఉండేది) కొనేముందు పళ్ళు లెక్కపెట్టండి: 3/4 అంగుళం 30 పళ్ళది ఒకటి, 13/16 అంగుళం 36 పళ్ళది ఇంకొకటి. చూపుకి ఒకేలా ఉంటాయి.

పంపు బ్రాకెట్లే అసలు తలనొప్పి. 350కి వాటర్ పంపులు రెండు రకాలు, పొట్టిది 5-5/8 అంగుళాలు, పొడుగుది 6-15/16. పొట్టి పంపుకి పొడుగు పంపు బ్రాకెట్లు పెడితే బెల్టు తిన్నగా రాదు. 78 వాటర్ పంపు, క్రాంక్ పుల్లీ, ఆల్టర్నేటర్ బ్రాకెట్లు మొత్తం సెట్టు తెచ్చేయండి. బాక్సు 78ది కాబట్టి హోసులు ఫ్లేర్ రకం, ఓ-రింగు మెట్రిక్ రకం 1980 నుంచి. కొత్త హోసు అడిగేటప్పుడు బాక్సు సంవత్సరం చెప్పాలి, మీ బండిది కాదు.

నింపాక ఇంజన్ ఆపి, ముందు చక్రాలు లేపి, స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి 20 సార్లు నెమ్మదిగా తిప్పండి. తర్వాతే స్టార్ట్. ముందే స్టార్ట్ చేస్తే నురగ వస్తుంది, పంపు మూలుగుతుంది. అలైన్‌మెంట్ చేసేవాడికి క్యాస్టర్ (స్పిండిల్ వెనక్కి వాలే కోణం) పెంచమని చెప్పండి, లేకపోతే మలుపు తర్వాత స్టీరింగు తనంతట తాను వెనక్కి రాదు.

పాతషెవీ_డాలస్:
అర్థమైంది, అంతా ఒకే సెట్టుగా దించుతాను. చక్రాల మాట మర్చిపోయాను. నావి ఆరు బోల్టులవి, 78వి ఐదు. ముందొక రకం, వెనకొక రకం అవుతాయి కదా?

స్పిండిల్_శాస్త్రి:
అవుతాయి. షెవీ 1971లో డిస్కులిచ్చిన ఏడాదే సీ-10 చక్రాన్ని 6 బోల్టులు, 5.5 అంగుళాల నుంచి 5 బోల్టులు, 5 అంగుళాలకి మార్చింది. మీ చక్రాలే ఉంచుకోవాలంటే ఈ స్పిండిళ్ళకి ఆరు బోల్టుల రోటర్లు బయట అమ్ముతారు. ఐదు బోల్టులే కావాలంటే వెనక ఇరుసు 71-72 కాయిల్ స్ప్రింగు బండిది వెతకండి. 78 ఇరుసు కట్టల స్ప్రింగుది. దాన్ని వేయాలంటే స్ప్రింగు సీట్లు కోసి, మీ ట్రెయిలింగ్ ఆర్మ్‌లకి (ఇరుసుని ఫ్రేమ్‌కి పట్టే చేతులు) సరిపోయేవి వెల్డ్ చేసి, పినియన్ (డ్రైవ్ షాఫ్ట్ కలిసే ముక్కు) కోణం మళ్ళీ పెట్టుకోవాలి.

రోటర్లు మార్చి పాత చక్రాలే వేస్తే టైరు ఎక్కించేముందు ఖాళీ రిమ్ముని బిగించి చేత్తో తిప్పండి. డ్రమ్ముల కాలపు 15 అంగుళాల రిమ్ములు కొన్ని కాలిపర్‌కి ఒరుసుకుంటాయి. తగలకపోయినా, బ్యాలెన్స్ సీసపు బిళ్ళలు లోపలి అంచుకి కొడితే అవి తగలొచ్చు.