ఆర్థ్రోస్కోపీ వర్క్‌షాప్: హాజరైతే క్రెడిట్ ఇవ్వాలా, చేసి చూపిస్తేనే ఇవ్వాలా?

ఒంగోలు ఆర్థో:
డాక్టర్లు అయిదేళ్లకోసారి కనీసం 30 గంటల సీఎంఈ (చదువు ముగిశాక కూడా కొనసాగే వైద్య శిక్షణ) పూర్తిచేయాలన్నది 2002 నాటి ఎంసీఐ (భారత వైద్య మండలి) నిబంధన. ఆ గంటల లెక్కే క్రెడిట్. ఏసీ హాల్లో కూర్చుని స్లైడ్లు చూసినా గంటలే, కడావర్ (శిక్షణకి వాడే మృతదేహం) భుజం మీద స్కోప్ పట్టుకుని సాయంత్రం దాకా కుస్తీ పట్టినా గంటలే. ఆర్థ్రోస్కోపీకి, అంటే చిన్న రంధ్రంలోంచి కెమెరా గొట్టం (స్కోప్) పంపి కీలు లోపల చేసే ఆపరేషన్‌కి, ఈ పద్ధతి మారాలన్నది నా వాదన. వర్క్‌షాప్ చివర ప్రతి ఒక్కరితో ఆ ప్రొసీజర్ చేయించాలి. చేయగలిగినవాళ్లకే క్రెడిట్ ఇవ్వాలి.

ఇప్పుడు జరిగేది మనకి తెలియనిదేం కాదు. ఒక టేబుల్, ఒక భుజం, ఒక స్కోప్, చుట్టూ ఆరేడుగురు. ఫ్యాకల్టీ పోస్టీరియర్ పోర్టల్ (భుజం వెనక స్కోప్ వెళ్లే రంధ్రం) పెట్టి లోపలంతా చూపిస్తారు. చొరవ ఉన్న ఇద్దరు యాంకర్లు (కణజాలాన్ని ఎముకకి బిగించే చిన్న మేకులు) వేస్తారు. మిగతావాళ్లు సూచర్ (కుట్టు దారం) అందిస్తారు, మానిటర్‌ని ఫొటో తీసుకుంటారు. సాయంత్రం అందరికీ ఒకే సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టి గోడకి తగిలిస్తే, దాన్ని చూసి పేషెంట్ ధైర్యం తెచ్చుకుంటాడు. అది న్యాయం కాదు.

విశాఖ ప్రొఫెసర్:
మీ ఆవేదన అర్థమైంది కానీ మందు సరైంది కాదు. ఎంఎస్ పాసై, పదేళ్లుగా ప్రాక్టీస్ చేస్తున్న సర్జన్‌ని మళ్లీ పరీక్షకి కూర్చోమంటే ఎవరు వస్తారు? పెద్ద నగరాలవాళ్లకి ఇబ్బంది లేదు. నష్టపోయేది జిల్లా కేంద్రంలో ఒక్కడే ఉండి అన్నీ చూసుకునే ఆర్థోపెడిక్ సర్జన్. ఫెయిలైతే పరువు పోతుందని అసలు రావడమే మానేస్తాడు.

పైగా వర్క్‌షాప్ ఉన్నది ఆపరేషన్ మొత్తం నేర్పడానికి కాదు, భయం పోగొట్టడానికి. అసలు నేర్పు థియేటర్లో, పెద్దవాళ్ల పక్కన నిలబడితేనే వస్తుంది. టోక్యోలో టకాగి అనే సర్జన్ సిస్టోస్కోప్‌తో (మూత్రాశయం లోపల చూసే గొట్టం) కడావర్ మోకాలి లోపలికి చూసింది 1918లో. ఆయన దారిలో నడిచిన వటనబే ఆర్థ్రోస్కోప్‌తో మెనిస్కస్ (మోకాలి లోపలి కుషన్) ముక్క తీసింది 1962లో. మధ్యలో గడిచిన 44 ఏళ్లు వాళ్లకి ఎవరూ పరీక్ష పెట్టలేదు.

పీజీ, హైదరాబాద్:
సార్, ఆ 44 ఏళ్లూ వాళ్లే దారి వేసుకున్నారు. మాకు వేసిన దారి ఉంది, నడక నేర్పమంటున్నాం అంతే.

థర్టీ డిగ్రీ స్కోప్ (చూపు నేరుగా కాకుండా 30 డిగ్రీలు పక్కకి ఉండే స్కోప్) సంగతే చూడండి. కెమెరా కదలకుండా లైట్ కేబుల్‌ని తిప్పితే చూపు పక్కకి తిరుగుతుంది. ఈ ఒక్క ముక్క చేతికి ఎక్కేదాకా కొత్తవాళ్లు స్కోప్ మొత్తాన్ని ఊపుతారు. లోపల కార్టిలేజ్ (ఎముక కొనల మీది నున్నటి పొర) గీసుకుపోతుంది, అది మళ్లీ మునుపటిలా మొలవదు. ప్రోబ్ (లోపల తాకి చూసే సన్నటి కొక్కెం) మొన కెమెరా ముందుకి తేవడం కూడా ఇలాంటిదే. కళ్లు మానిటర్ మీద, చేతులు రెండు వేర్వేరు పోర్టల్స్‌లో. వింటే తేలికే, చేసేటప్పుడు చెమటలు పడతాయి. ఇదంతా పేషెంట్ మోకాల్లో, టోర్నికే (తొడకి రక్తం ఆపే పట్టీ) టైమ్ నడుస్తుండగా ఎందుకు నేర్చుకోవాలి? ఆక్స్‌ఫర్డ్‌లో 20 మంది జూనియర్లతో చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, మోకాలి సిమ్యులేటర్ (సాధనకి చేసిన నమూనా) మీద సాధన చేసినవాళ్లు నిజం థియేటర్లో మిగతావాళ్లకంటే బాగా చేశారు. మార్కులు వేసినవాళ్లకి ఎవరు సాధన చేశారో, ఎవరు చేయలేదో చెప్పలేదు కూడా.

స్కిల్ ల్యాబ్ కోఆర్డినేటర్, బెంగళూరు:
ఖర్చు మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. ఫార్మలిన్‌లో పెట్టిన శరీరం బిగుసుకుపోతుంది, జాయింట్ సరిగా వంగదు, సెలైన్ ఎక్కించినా తెరుచుకోదు. అందుకే ఫ్రెష్ ఫ్రోజెన్ (ఫార్మలిన్ లేకుండా గడ్డకట్టించిన శరీరం) కావాలి. మైనస్ 20 డిగ్రీల్లో దాచాలి, వర్క్‌షాప్‌కి ముందే తీసి కరగనివ్వాలి, ఆ తర్వాత ఎక్కువసేపు నిలవదు. పంపు, షేవర్ (లోపలి కణజాలం గీకే పరికరం), యాంకర్లు చాలావరకు ఇంప్లాంట్ కంపెనీలే తెస్తాయి. తలా ఒక భుజం ఇచ్చి, పక్కన మార్కులు వేసే ఫ్యాకల్టీని కూర్చోబెట్టాలంటే ఫీజు ఎక్కడికో పోతుంది. కంపెనీయే అంతా భరిస్తే, పాసైన సర్జన్‌కి ఆ కంపెనీ యాంకరే చేతికి అలవాటవుతుంది. నాకు ఎక్కువ దిగులు దాని గురించే.

ఇంకో మాట. దేహదానానికి ఒప్పుకున్న కుటుంబాలు ఆ శరీరం పదిమందికి పాఠం అవుతుందని ఇస్తాయి. ఒక భుజం మీద ఇద్దరు మాత్రమే పని చేసి, మిగతావాళ్లు చూస్తూ నిలబడితే ఆ దానాన్ని మనం సరిగా వాడుకోనట్టే. ఈ విషయంలో మాత్రం నేను ఒంగోలు డాక్టర్‌గారి పక్షం.

ఒంగోలు ఆర్థో:
ప్రొఫెసర్‌గారూ, పరీక్ష అంటే అవమానం కానక్కర్లేదు. 2015లో వచ్చిన అమెరికా అధ్యయనం మీరు చూసే ఉంటారు. శిక్షణలో ఉన్న 44 మంది రెసిడెంట్లని మూడు గుంపులు చేసి బాంకార్ట్ రిపేర్ (జారిపోయే భుజం కీలులో చిరిగిన అంచుని కుట్టే ఆపరేషన్) నేర్పారు. ఒక గుంపుకి మామూలు కోర్సు, రెండోదానికి సిమ్యులేటర్ కలిపిన కోర్సు, మూడోదానికి అదే సిమ్యులేటర్, కానీ ఒక మెట్టు వచ్చాకే పై మెట్టు అన్న షరతుతో. చివర కడావర్ భుజం మీద చేయిస్తే మూడో గుంపు స్పష్టంగా ముందుంది. సిమ్యులేటర్ రెండు గుంపులకీ ఉంది, తేడా తెచ్చింది షరతే.

మీరు చెప్పిన జిల్లా సర్జన్‌ని దృష్టిలో పెట్టుకునే ఇంకోటి చెబుతాను. 2009లో మరో చిన్న అధ్యయనం వచ్చింది. కాళ్ల ఆపరేషన్లలో ఫెలోషిప్ చేసిన ఆరుగురు సర్జన్లకి భుజం సిమ్యులేటర్ మీద కుట్లు వేయడం నేర్పి, ఆరు నెలల తర్వాత మళ్లీ చేయించారు. నేర్చుకున్నదంతా పోయి మొదటికొచ్చింది. కాబట్టి పరీక్ష ఒక్కసారి పెట్టి వదిలేయడం కూడా తప్పే. దగ్గర్లోని మెడికల్ కాలేజీలో డ్రై మోడల్ (ప్లాస్టిక్ కీలు), నాట్ బోర్డు (ముడులు వేయడం సాధన చేసే పలక) ఉంచి, నెలకోసారి వచ్చి చేసుకోమంటే దానికీ క్రెడిట్ ఇవ్వాలి. దీనికి కడావర్ అక్కర్లేదు, కంపెనీ అంతకన్నా అక్కర్లేదు.

విజయవాడ నుంచి, పేషెంట్ తండ్రి:
మా అబ్బాయికి కబడ్డీలో లిగమెంట్ తెగింది, వచ్చే నెల ఆపరేషన్. మీ మాటల్లో సగం నాకు అర్థం కాలేదు. మేం డాక్టర్‌గారిని ఏం అడగాలో చెప్పండి చాలు.

విశాఖ ప్రొఫెసర్:
మొహమాటపడకుండా మూడు విషయాలు అడగండి బాబూ. ఈ ఆపరేషన్ నెలకి ఎన్ని చేస్తారు, స్వయంగా మీరే చేస్తారా, తర్వాత ఫిజియోథెరపీ ఎవరు చూస్తారు. మంచి సర్జన్ ఎవరూ నొచ్చుకోరు.

ఒంగోలు డాక్టర్‌గారూ, నెలనెలా సాధనకి క్రెడిట్ అన్నదానికి నేను ఒప్పుకుంటాను, మా కాలేజీలో అడిగి చూస్తాను. పాస్, ఫెయిల్ మాత్రం వద్దు. ఎక్కడ తడబడ్డాడో రాసి ఆ సర్జన్ చేతికే ఇవ్వండి, మెడికల్ కౌన్సిల్‌కి పంపకండి.

ఒంగోలు ఆర్థో:
అతని చేతికే ఇస్తే ఈ తండ్రికి ఎలా తెలుస్తుంది సార్? నేను ఒప్పుకోలేనిది అక్కడే.