తూనీగలాడితే తూమెడు వర్షం: ఏ తూము?

(మాట్లాడేవారికి వాళ్లుండే విజయవాడ, గుంటూరు పేటలే పేర్లు.)

కృష్ణలంక: నిన్న సాయంత్రం బందరు కాలువ గట్టున మనిషెత్తులో పసుపు తూనీగలు ముసిరాయి. మా అమ్మమ్మ మాట నాలుక మీదికొచ్చింది: "తూనీగలాడితే తూమెడు వర్షం". ఆవిడ అన్నది తూమెడేనా, తూమెత్తా? ఆ తూము కొలతా, చెరువు తూమా?

బ్రాడీపేట: తూమెడే, కొలతే. కుంచెడు, గంపెడు, చేరెడు వరసే ఇది. ఇరవై తూములు పుట్టి. వడ్లు కొలిచిన ఇళ్లలో ఈ సందేహం రాదు.

సత్యనారాయణపురం: మాస్టారూ, వానని వడ్ల తూముతో కొలవడమేంటండీ? మా తాతగారు చెరువు తూము ఎత్తించి చేలకి నీళ్లు వదిలినవారు. తూము నిండా పారే నీళ్లు కూడా తూమెడే.

బ్రాడీపేట: గంపెడాశ అంటాం కదండీ. ఆశని గంపకెత్తినవాళ్లు వానని తూముకెత్తరా?

అరండల్‌పేట: నాకు ఆ మొదటి 'తూ' మీదే ఉంది. తూనిక, ఈగ కలిసి తూనీగ. గాలిలో కదలకుండా నిలిచినప్పుడు చూడండి, రెక్కలు తక్కెడ దండెలా అటూ ఇటూ సమంగా ఉంటాయి. తూచే ఈగ! అందుకే పక్కన తూము పడింది.

పట్టాభిపురం: ఊహ బాగుందమ్మా, కానీ అది ఈగ కాదు. ఈగకి రెక్కలు రెండు, తూనీగకి నాలుగు. పోలిక చూసి చుట్టరికం కలపలేం. హిమాలయాల్లో, జపాన్‌లో ఎపియోఫ్లెబియా అనే పురుగొకటుంది. వాలితే సన్నటి సూది తూనీగలా రెక్కలు వెనక్కి చేరుస్తుంది, ఒళ్లేమో పెద్ద తూనీగలా బొద్దు. ఎటూ చెందదని దానికి వేరే వర్గమే కట్టారు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో, తల్లి వైపు నుంచి దిగే డీఎన్ఏ ఉంటుంది. అందులో జన్యువులు 37, వాటిలో ప్రొటీన్లు తయారుచేయించేవి 13. దాని జన్యువుల్నీ మిగతా తూనీగల జన్యువుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే అది పెద్ద తూనీగలకే దగ్గర చుట్టమని తేలింది. మాటలకీ అలాంటి పరీక్ష కావాలి. కృష్ణలంకవారు చూసినవి పాంటాలా అయ్యుంటాయి. వాన గుంటల్లో గుడ్లు పెట్టే జాతి అది.

సత్యనారాయణపురం: అయితే ఇది చూడండి. మలయాళంలో తూనీగ 'తుంబి'. తమిళంలో తుంబి అంటే తూనీగా, తుమ్మెదా కూడా. మన తుమ్మెద ఆ ఇంటి ఆడపడుచే.

అరండల్‌పేట: తుమ్మెదకి మన కవులు పీట వేశారు, తూనీగకి చాప కూడా పరవలేదు. వినుకొండ జాషువా గారు ఒక్కరే, ఎవరూ పలకరించని గబ్బిలాన్ని పిలిచి శివుడి దగ్గరికి కబురంపారు.

బ్రాడీపేట: 1941లో. గబ్బిలమే ఎందుకో కూడా చెప్పాలి. అది గుళ్లోకి పోగలదు, పంపినవాడిని గడప తొక్కనివ్వరు. ఆ ఎంపిక తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

పట్టాభిపురం: నాకూ అంతే మాస్టారూ.

కృష్ణలంక: రాత్రి వాన దంచికొట్టిందండీ. పొద్దున్నే మా పిన్నికి ఫోన్ చేసి అడిగాను. అమ్మమ్మ తూమెడూ అనలేదట, తూమెత్తూ అనలేదట, "తూమంత వాన" అనేదట.

బ్రాడీపేట: పిన్నిగారి అత్తవారిది ఏ ఊరు?