అప్‌డేట్: ఊర్ల పేర్ల ఇండెక్స్‌కు బీ ప్లస్ ట్రీకే పోయిన

నల్లగొండ జిల్లా ఊర్ల పేర్లు వరుసలో ఉండాలె, ‘నా’ అని కొడితే నాంపల్లి, నార్కట్‌పల్లి వెంటనే రావాలె. పేర్ల పొడుగు ఒక్క తీరుగ ఉండదు, బీ ప్లస్ ట్రీనా (పేర్లను వరుసలో పేజీలుగ పేర్చి, పై పేజీలతో దారి చూపే పద్ధతి), రాడిక్స్ ట్రీనా (పేరును ముక్కలుగ విడదీసి కొమ్మలుగ పేర్చే పద్ధతి) అని ఇంతకుముందు అడిగిన కదా. బీ ప్లస్ ట్రీకే పోయిన. డేటా డిస్క్ మీద ఉంటది, చదివేది పేజీ (ఒక్కసారికి చదివే డేటా ముక్క) లెక్కన. అంతా మెమరీలోనే ఉంటే 2013లో వచ్చిన అడాప్టివ్ రాడిక్స్ ట్రీ తీసుకునేటోణ్ని.

అసలు తిరకాసు యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగ రాసే పద్ధతి) కాడ తగిలింది. పేజీలో ప్రతి కీ (ఇక్కడ ఊరి పేరు) ఆఫ్‌సెట్ (అది పేజీలో ఉన్న చోటు) పక్కన దాని మొదటి 4 బైట్లు పెడితే, పోల్చేటప్పుడు చాలాసార్లు కీ దాకా పోయే పని తప్పుతది. కానీ తెలుగులో ఒక్కో అక్షరానికి, గుణింతం గుర్తుకు కూడా, 3 బైట్లు. 4వది పక్క అక్షరం మొదటి బైటు, అది ఎప్పుడూ ఒక్కటే. అంటే ‘న’తో మొదలయ్యే ఊర్లన్నీ సమానమే! అందుకే యూనికోడ్‌ల (అన్ని లిపుల అక్షరాలకు నంబర్లిచ్చే పట్టిక) తెలుగు బ్లాకులోని 128 కోడ్లను ఒక్కో బైటుకు కుదించిన. ఇప్పుడు అవే 4 బైట్లతో నకిరేకల్, నల్లగొండ విడిపోతున్నయి. పై పేజీలో ఆ రెండింటి నడుమ హద్దుకు ‘నల’ చాలు.

పనిలో పనిగా మన అక్షరమాల వరుస లెక్కన ‘ళ’ను ‘హ’ తర్వాతికి జరిపిన. యూనికోడ్‌ల అది ‘వ’ కంటే ముందుంటది. కొత్త పేర్లు చేరితే నిండిన పేజీలు రెండుగ చీలుడు మాత్రం ఉన్నదే. వెతికేటోళ్లే ఎక్కువ గనుక నడుస్తది.