మోటార్‌హోమ్ రోడ్డు మీద నిలకడగా నడవాలంటే ముందు కొత్త భాగాలు బిగించాలా, ముందు బరువు తూయించాలా?

చర్చ ప్రారంభించినవారు

నా మోటార్‌హోమ్ (లోపలే ఇల్లులా వసతులున్న బండి) పొడవు 7.5 మీటర్లు, వీల్‌బేస్, అంటే ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం, 4 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్లు దాటితే చాలు, స్టీరింగును అటూ ఇటూ సరిదిద్దుతూనే ఉండాల్సి వస్తోంది. పెద్ద లారీ పక్కనుంచి దాటిపోయేటప్పుడు మొదట బండిని అవతలికి నెట్టినట్టు, మరుక్షణమే లారీ వైపు లాక్కున్నట్టు అవుతుంది. రెండు గంటలు నడిపేసరికి భుజాలు పట్టేస్తున్నాయి. వెనుక క్యారియర్ మీద రెండు సైకిళ్లు, ఒక సామాన్ల పెట్టె కలిపి సుమారు 100 కిలోలు ఉంటాయి. నీళ్ల ట్యాంకు కూడా వెనుక మంచం కిందే ఉంది.

స్టీరింగ్ డంపర్ (స్టీరింగ్ కుదుపులను అణచే భాగం), మందపాటి యాంటీ రోల్ బార్ (బండి పక్కకు వాలకుండా పట్టే కడ్డీ), వెనుక ఎయిర్ స్ప్రింగులు (గాలి నింపిన సంచుల స్ప్రింగులు) మూడూ ఒకేసారి వేయించమని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు. ఏ భాగమూ కొనకముందు బండిని తూయించమని మరొకరు గట్టిగా చెప్పారు. అనుభవం ఉన్నవారు దయచేసి కారణాలతో సహా చెప్పగలరు.

మొదటి సమాధానం

నేను రెండో మిత్రుని పక్షం. మీరు చెప్పిన కొలతలలోనే సగం జవాబు ఉంది. మీ క్యారియర్ వెనుక ఇరుసుకు సుమారు 3 మీటర్లు వెనుక ఉందనుకుందాం. వీల్‌బేస్ 4 మీటర్లు కాబట్టి, అక్కడ పెట్టిన 100 కిలోలు వెనుక ఇరుసు మీద 100 కిలోలుగా పడవు, 175 కిలోలుగా పడతాయి. అదనంగా వచ్చిన ఆ 75 కిలోలు ముందు ఇరుసు మీద నుంచి తగ్గినవే. వెనుక ఇరుసును ఆధారంగా చేసుకుని, తూగుబల్లలా, సామాను బండి ముందు భాగాన్ని పైకి లేపుతోందన్నమాట. స్టీరింగ్ తిప్పే చక్రాలకే బరువు తగ్గితే, వాటికి రోడ్డు మీద పట్టు ఎక్కడి నుంచి వస్తుంది?

అందుచేత ప్రయాణానికి వెళ్లేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే, నీళ్లు, సామాను, మనుషులతో సహా బండిని వేబ్రిడ్జికి (వాహనాలు తూచే కాటాకు) తీసుకువెళ్లండి. మొత్తం బరువు ఒక్కటే తెలుసుకుంటే సరిపోదు. ముందు ఇరుసు, వెనుక ఇరుసు విడివిడిగా, వీలైతే ఒక్కో చక్రం విడిగా తూయించండి. ఆ అంకెలను తయారీదారు పలక మీద రాసిన ఇరుసు పరిమితులతో పోల్చి చూడండి. ఆ తర్వాత టైరు తయారీదారు ఇచ్చే పట్టికలో మీ బరువుకు ఎంత గాలి కావాలో చూసి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు నింపించండి. ఒకే ఇరుసు మీద ఒక పక్క బరువు ఎక్కువగా ఉంటే ఆ ఎక్కువ బరువును బట్టే రెండు పక్కలా సమానంగా గాలి పెట్టాలి. టైరు పక్క గోడ మీద ముద్రించిన అంకె గరిష్ఠ బరువుకు సంబంధించినది. ముందు చక్రాల మీద అంత బరువు లేనప్పుడు కూడా చాలామంది ఆ అంకె వరకూ గాలి కొట్టిస్తారు. అప్పుడు టైరు రోడ్డుకు ఆనే భాగం చిన్నదై, రోడ్డు మీది ప్రతి గాడీ చేతికి తెలుస్తుంది. గాలి తక్కువైతే ప్రమాదం ఇంకా పెద్దది. పక్క గోడలు అతిగా వంగి, వేడెక్కి, టైరు పేలిపోయే అవకాశం ఉంది.

పనిలో పనిగా టైర్ల వయసు కూడా చూడండి. పక్క గోడ మీది కోడ్‌లో చివరి నాలుగు అంకెలు 2319 అయితే, ఆ టైరు 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. మోటార్‌హోమ్‌లు ఎక్కువ కాలం నిలిపే ఉంటాయి కనుక గాడులు అరగకుండానే రబ్బరు ముసలిదవుతుంది.

స్టీరింగ్ డంపర్ గురించి ఒక్క మాట. అది గుంతల కుదుపును, చక్రాల వణుకును అణచగలదు. బండి దారి తప్పి అటూ ఇటూ పోవడానికి అసలు కారణం స్టీరింగులోని అరిగిన బాల్ జాయింటు (గుండ్రటి కీలు) అయితే, డంపర్ ఆ జబ్బును మీ చేతికి తెలియకుండా దాచిపెడుతుంది. నాకు ఇది భయం కలిగించే విషయం.

రెండో సమాధానం

పై సమాధానంలోని లెక్కను నేను కాదనను. అయితే తూకంతోనే సమస్య తీరుతుందన్న ధోరణితో ఏకీభవించలేను. 7.5 మీటర్ల బండికి 4 మీటర్ల వీల్‌బేస్ అంటే పొడవులో 53 శాతం మాత్రమే. ఇల్లులా కట్టిన ఆ ఎత్తైన గోడ ఇరుసు దాటి వెనక్కి సాగి ఉండగా, పక్క గాలి ఆ తోకను తోస్తుంది. వెనుక ఇరుసును పట్టి ఉంచేవి కమాను కట్టలు (పట్టీల స్ప్రింగులు), వాటి చివరన ఉండే రబ్బరు బుష్‌లు మాత్రమే. తోకను గాలి తోసినప్పుడు బాడీ ఇరుసు మీద పక్కకు జరుగుతుంది, డ్రైవరు స్టీరింగ్ తిప్పకపోయినా బండి దిశ మారుతుంది. ఆయన వర్ణించిన లారీ అనుభవం అచ్చంగా ఇదే.

నా బండిలో ఇరుసుకూ ఛాసిస్‌కూ (బండి చట్రానికీ) మధ్య అడ్డంగా పాన్‌హార్డ్ రాడ్ అనే కడ్డీ వేయించిన తర్వాతే ఈ తోక ఊపు తగ్గింది. అంతకు ముందు తూకం, గాలి, అలైన్‌మెంట్ (చక్రాల కోణాల అమరిక) అన్నీ సరిచూశాను. కొంత మెరుగైంది గానీ సరిపోలేదు. పైగా కుటుంబంతో బయలుదేరినవారు సామాను ఇంట్లో వదిలి వెళ్లలేరు కదా.

మొదటి సమాధానమిచ్చినవారు, మళ్లీ

పాన్‌హార్డ్ రాడ్ విషయంలో మీ వాదనను ఒప్పుకుంటున్నాను. అది ఇరుసు పక్కకు జరిగే అసలు కదలికనే ఆపుతుంది. నా అభ్యంతరం మిగతా మూడింటితో కలిపి ఒకేసారి కొనడం మీద. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెరుపు చేసిందో తెలియదు.

ఎయిర్ స్ప్రింగులనే తీసుకోండి. కుంగిన తోకను 7 సెంటీమీటర్లు పైకి లేపితే, 4 మీటర్ల వీల్‌బేస్‌లో బండి సుమారు 1 డిగ్రీ ముందుకు వాలుతుంది. అంటే ముందు చక్రాల క్యాస్టర్ కోణం (చక్రం స్టీరింగుతో తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) కూడా అంతే తగ్గుతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు వచ్చేది ముఖ్యంగా ఆ కోణం వల్లే. అందువల్ల ఎయిర్ స్ప్రింగులు వేసిన తర్వాత అలైన్‌మెంట్ మళ్లీ చేయించకపోతే బండి మునుపటికన్నా ఎక్కువగా అటూ ఇటూ పోవచ్చు. పైగా ఎడమ, కుడి సంచులకు ఒకే గొట్టం కలిపి ఉంటే, మలుపులో బరువు పడిన సంచిలోని గాలి రెండో దానిలోకి పోయి బండి ఇంకా వాలుతుంది. విడి గొట్టాలు తప్పనిసరి.

యాంటీ రోల్ బార్ బండి పక్కకు వాలడాన్ని తగ్గిస్తుంది, అది నిజం. తిన్నగా వెళ్లకపోవడం వేరే జబ్బు. వెనుక మాత్రమే మందపాటి బార్ వేస్తే మలుపులో వెనుక టైర్ల పట్టు ముందుగా సడలే అవకాశం ఉంది. పొడవైన తోక ఉన్న బండికి అది మంచిది కాదు.

కొనే ముందు ఒక పరీక్ష చేయండి. సమతలంగా ఉన్న చోట చక్రాలకు అడ్డాలు పెట్టి, ఇంజను ఆన్ చేసి, ఒకరు స్టీరింగును మధ్య నుంచి కొద్దికొద్దిగా అటూ ఇటూ కదిలించాలి. మరొకరు పక్కన వంగి, టార్చి వేసి, ఒక్కో జాయింటును చూడాలి. స్టీరింగ్ కదిలినా చక్రం కదలని ఆ క్షణంలో ఏ కీలు దగ్గర వదులుందో కంటికే కనిపిస్తుంది.

చర్చ ప్రారంభించినవారు

మీరిద్దరూ చెప్పిన క్రమంలో చేశాను. మొదటి తూకంలో ముందు ఇరుసు 1,420 కిలోలు, వెనుక ఇరుసు 2,460 కిలోలు వచ్చాయి. 60 కిలోల సామాన్ల పెట్టెను క్యారియర్ మీద నుంచి తీసి రెండు ఇరుసుల మధ్య నేల అరలోకి మార్చాను. ప్రయాణంలో అవసరం లేని 70 లీటర్ల నీళ్లు వదిలేశాను. రెండో తూకంలో ముందు 1,530, వెనుక 2,280 వచ్చాయి. నీళ్లు తప్ప ఏదీ తీసేయలేదు, సైకిళ్లు ఉన్నచోటే ఉన్నాయి. టార్చి వేసి చూసినప్పుడు కుడి టై రాడ్ ఎండు (స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీ చివరి కీలు) వదులుగా దొరికింది. దాన్ని మార్పించి, అలైన్‌మెంట్ చేయించి, పట్టిక ప్రకారం ముందు టైర్లలో గాలి తగ్గించాను.

ఇప్పుడు 80 దాటినా స్టీరింగును ఊరికే పట్టుకుని ఉంటే చాలు. లారీ దాటినప్పుడు తోక కదులుతూనే ఉంది, మునుపటికన్నా తక్కువ. ఆ మిగిలిన దానికి పాన్‌హార్డ్ రాడ్ ఒక్కటే వేయిద్దామని అనుకుంటున్నాను.

రెండో సమాధానమిచ్చినవారు

సంతోషం. వేయించే ముందు కమాను కట్టల బుష్‌లను మెకానిక్ చేత చూపించండి, అవి పగిలి ఉంటే మొదట వాటినే మార్పించాలి. రాడ్ ఛాసిస్‌కు బిగించే బ్రాకెట్టు పక్క బలాన్ని చాలావరకు మోస్తుంది కనుక, మీ ఛాసిస్‌కు సరిపోయేలా తయారైన కిట్ తీసుకోవాలి, బండి మామూలు ఎత్తులో ఉన్నప్పుడు రాడ్ వీలైనంత అడ్డంగా ఉండాలి. ఏటవాలుగా బిగిస్తే బండి గుంతల్లో పైకీ కిందికీ ఊగిన ప్రతిసారీ ఇరుసును పక్కకు లాగుతుంది.